ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే ముందు ఏం చేయాలి?

(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో మన ఐటీ విభాగం అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



బ్రాంచిలో సిస్టమ్ పని చేయకపోతే మీ ఇంట్లోని ఉద్యోగి మా విభాగానికి ఫోన్ చేస్తారు. మరి ఇంట్లో ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే ఎవరికి చేయాలి? మనలో చాలామందిమి బదిలీల మీద ఊరు కాని ఊళ్లో ఉంటాం. అక్కడి భాష రాదు, తెలిసిన మెకానిక్ ఉండడు. తెల్లవారితే పాపకు ఆన్‌లైన్ పరీక్ష ఉందనగా, ఆదివారం రాత్రి అది మొరాయిస్తుంది. అలాంటప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లే ఓ పావుగంటలో ఏం చేయగలరో, ఏం చేయకూడదో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు.

ముందుగా ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ల్యాప్‌టాప్ ఆన్ కాకపోవడం వేరు, అందులోని సమాచారం పోవడం వేరు. పిల్లల చిన్ననాటి ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టు, నాన్నగారి వైద్య పరీక్షల కాగితాలు, ఇంటి రిజిస్ట్రేషన్ స్కాన్ కాపీలు, ఇవన్నీ ఉండేది లోపలున్న డిస్క్‌లో. కరెంటు అందకపోయినా, స్క్రీన్ పాడైనా, మదర్‌బోర్డు కాలిపోయినా ఆ డిస్క్ చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది. కంగారులో ఎవరో ఒకరు ‘ఫార్మాట్ చేసేస్తే సరి’ అన్నప్పుడే అసలు నష్టం జరుగుతుంది. యంత్రాన్ని బాగు చేసుకోవచ్చు, మళ్లీ కొనుక్కోవచ్చు. ఫొటోలను కొనుక్కోలేం.

సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే క్యాషియర్ ఏం చేస్తారు? ఎకాఎకిన పెద్ద అనుమానాలకు పోరు. మళ్లీ లెక్క పెడతారు, వోచర్లు ఒక్కొక్కటే చూస్తారు, కట్టలు తిప్పి చూస్తారు. ఇక్కడా అదే పద్ధతి. తేలికైనవి, ఖర్చు లేనివి, హాని చేయనివి ముందు. విప్పడం, మార్చడం, చెరపడం చివర.

‘ఆన్ కావడం లేదు’ అనే మాటకు మూడు అర్థాలున్నాయి. ఒకటి, బటన్ నొక్కితే లైటు లేదు, చప్పుడు లేదు, ఏమీ లేదు. రెండు, లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, కానీ స్క్రీన్ నల్లగా ఉంది. మూడు, కంపెనీ గుర్తు కనబడుతోంది, ఆ తర్వాత ముందుకు సాగడం లేదు. ఈ మూడింటికీ మందు వేరు వేరు. మెకానిక్‌కు ఫోన్ చేసినా ఈ మూడింట్లో ఏదో చెప్పగలిగితే సగం పని అయినట్టే.

మొదటి రకం: అసలు ఉలుకూ పలుకూ లేనప్పుడు.

ముందు అనుమానించాల్సింది కరెంటునే. ల్యాప్‌టాప్‌ను పెట్టిన ప్లగ్ పాయింట్‌లో ఫోన్ చార్జరో, టేబుల్ ల్యాంపో పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డును పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్‌లోనే పెట్టండి. స్విచ్ వేసి ఉన్నా లోపల వదులైన పాయింట్లు మన అద్దె ఇళ్లలో కొత్త కాదు.

తర్వాత చార్జర్. దానికి సాధారణంగా రెండు ముక్కలుంటాయి. గోడ నుంచి నల్లటి అడాప్టర్ దాకా వచ్చే వైరు ఒకటి, అడాప్టర్ నుంచి ల్యాప్‌టాప్ దాకా వెళ్లే వైరు రెండోది. మొదటి వైరు అడాప్టర్‌లో దూరే చోట వదులైపోతుంది. అక్కడ గట్టిగా నొక్కి చూడండి. రెండో వైరు పిన్ను దగ్గర మెలికలు పడి లోపల తెగుతుంది. అడాప్టర్‌కు గానీ, ల్యాప్‌టాప్‌లో పిన్ను పెట్టే చోటి పక్కన గానీ చిన్న లైటు ఉంటే అది వెలుగుతోందా చూడండి. వైరు కదిపినప్పుడల్లా లైటు వచ్చి పోతుంటే తప్పు వైరుది, ల్యాప్‌టాప్‌ది కాదు.

బదిలీ సామాన్లు విప్పిన ఇళ్లలో ఇంకొక సంగతి ఉంటుంది. ఇంట్లో రెండు మూడు ల్యాప్‌టాప్‌లు ఉంటే చార్జర్లు తారుమారవుతాయి. పిన్ను పట్టినంత మాత్రాన చార్జర్ సరిపోయినట్టు కాదు. అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ అని రాసి ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లకు అది 19 లేదా 20 వోల్టుల దగ్గర ఉంటుంది. ల్యాప్‌టాప్ అడుగున రాసిన వోల్టులు, అడాప్టర్ మీది వోల్టులు ఒకటే కావాలి. ఆంపియర్లు సమానంగానో, ఎక్కువగానో ఉండాలి, తక్కువ కాకూడదు. 65 వాట్లు కావలసిన దానికి 45 వాట్ల చార్జర్ పెడితే కొన్ని అసలు ఎక్కవు, కొన్ని నత్తనడకన ఎక్కుతాయి. టైప్ సీ చార్జింగ్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లకు ఫోన్ చార్జర్ కూడా పడుతుంది కాబట్టి పిల్లలు అదే పెట్టేస్తారు. చిన్న ఫోన్ చార్జర్ శక్తి చాలక అది లేవకపోవచ్చు. కొత్త చార్జర్ కొనాల్సి వస్తే కంపెనీదే కొనండి. లేదా కనీసం బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, నంబరు ముద్రించి ఉన్నది చూసి తీసుకోండి.

సెలవులకు ఊరెళ్లి నెల తర్వాత వచ్చి తీస్తే బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉంటుంది. అప్పుడు చార్జర్ పెట్టగానే బటన్ నొక్కి ‘చచ్చిపోయింది’ అనుకోవద్దు. అరగంట అలాగే వదిలేసి తర్వాత చూడండి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా లేవకపోతే, ఇంట్లో ఎవరైనా చేయగల ఒక చిట్కా ఉంది. చార్జర్ తీసేయండి. పెన్ డ్రైవ్, మౌస్, ప్రింటర్ వైరు, మెమరీ కార్డు, తగిలించి ఉన్నవన్నీ తీసేయండి. పాత మోడల్ అయి బ్యాటరీ బయటికి వచ్చేదైతే దాన్నీ తీయండి. ఇప్పుడు పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. గడియారం చూసి లెక్కపెట్టండి, అంచనాతో వదిలేయకండి. తర్వాత బ్యాటరీ, చార్జర్ పెట్టి మామూలుగా ఒకసారి నొక్కండి. ఇది మంత్రం కాదు. ల్యాప్‌టాప్‌లో కరెంటు పంపకాన్ని చూసుకునే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్లో, నిద్రావస్థ నుంచి సరిగా లేవకపోవడం వల్లో అది బిగుసుకుపోతుంది. మిగిలి ఉన్న కొద్దిపాటి చార్జ్ కూడా పోతే మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెడుతుంది. ఇందులో మీ ఫైళ్లకు ఎలాంటి హానీ లేదు. ఎన్నో ల్యాప్‌టాప్‌లు ఇక్కడే లేస్తాయి.

అయితే మూడు సందర్భాల్లో ఈ ప్రయత్నాలేవీ చేయకండి.

ఒకటి, బ్యాటరీ ఉబ్బినప్పుడు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా మూతపడకపోయినా, బల్ల మీద పెడితే అటూ ఇటూ ఊగినా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. చార్జర్ తీసేయండి. నొక్కకండి, గుచ్చకండి, ఆన్ చేయకండి. మంటలు అంటుకునే వస్తువులకు దూరంగా పెట్టి సర్వీస్ సెంటర్‌కు చెప్పండి. ఆ బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత 2022 నాటి నిబంధనల ప్రకారం తయారీదారుల మీద ఉంది.

రెండు, నీళ్లో, కాఫీనో ఒలికినప్పుడు. వెంటనే గోడ దగ్గర స్విచ్ ఆపి చార్జర్ తీయండి. ల్యాప్‌టాప్ ఇంకా ఆన్‌లో ఉంటే బటన్ నొక్కి పట్టి ఆపండి. మూత తెరిచి, బోర్లించి గుడారంలా నిలబెట్టండి. ‘పని చేస్తుందో లేదో చూద్దాం’ అని మాత్రం ఆన్ చేయకండి. తడి ఉండగా కరెంటు పారితేనే బోర్డు కాలుతుంది. బియ్యంలో పెట్టడం వల్ల ఉపయోగం లేదు, దుమ్ము, గింజలు లోపలికి పోతాయంతే. హెయిర్ డ్రయర్ వేడి కూడా వద్దు. వీలైనంత త్వరగా విప్పి శుభ్రం చేయించాలి. పాలు, పంచదార కలిసిన కాఫీ అయితే మరీ త్వరగా.

మూడు, కాలిన వాసన వచ్చినా, చార్జర్ చేయి పెట్టలేనంత వేడెక్కినా. అక్కడితో ఆపేయండి.

రెండో రకం: లైటు ఉంది, స్క్రీన్ లేదు.

క్యాప్స్ లాక్ మీట నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతోందంటే లోపల యంత్రం బతికే ఉంది, మాట వింటోంది. చూపించలేకపోతోందంతే. గది చీకటి చేసి ఫోన్ టార్చి వెలుగును స్క్రీన్ మీద ఏటవాలుగా వేయండి. అక్షరాలు మసకగా కనిపిస్తే స్క్రీన్ వెనక వెలుగు మాత్రమే పోయింది. వెలుతురు పెంచే మీట కూడా నొక్కి చూడండి. చాలామంది దాన్ని పొరపాటున పూర్తిగా తగ్గించి ఉంటారు.

ఇంట్లో టీవీ ఉంది కదా, హెచ్‌డీఎంఐ వైరుతో ల్యాప్‌టాప్‌ను టీవీకి కలపండి. విండోస్ మీట, పీ మీట కలిపి నొక్కితే బొమ్మను ఎక్కడ చూపాలో అడుగుతుంది. టీవీలో బొమ్మ వచ్చిందంటే మీ ఫైళ్లు క్షేమం. మరమ్మతు సంగతి తర్వాత, పరీక్ష ఉన్న పాప ఆ రాత్రికి టీవీ ముందు కూర్చుని చదువుకోవచ్చు. ముఖ్యమైనవి వెంటనే పెన్ డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ, ఈ నాలుగు మీటలూ ఒకేసారి నొక్కితే బొమ్మకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ మళ్లీ మొదలవుతుంది. నిద్రావస్థ నుంచి లేచాక నల్లగా ఉండిపోయిన స్క్రీన్‌కు ఇది కొన్నిసార్లు పని చేస్తుంది.

ఆన్ చేసినప్పుడు బీప్ శబ్దాలు వస్తుంటేనో, లైటు పదే పదే మిణుకుతుంటేనో ఎన్నిసార్లో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఫోన్‌తో వీడియో తీస్తే ఇంకా మంచిది. అది ల్యాప్‌టాప్ తన రోగం తానే చెప్పుకునే భాష, కంపెనీని బట్టి అర్థం మారుతుంది. చాలాసార్లు ర్యామ్ వదులైనప్పుడు ఇలా జరుగుతుంది. లారీలో సామాను వందల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చాక ఇది మామూలే. వారంటీ ఉంటే మీరు విప్పకండి. మెకానిక్ వచ్చి ‘మదర్‌బోర్డు మార్చాలి’ అంటే, ముందు ర్యామ్ తీసి శుభ్రం చేసి మళ్లీ పెట్టి చూడమని అడగండి. కొన్ని పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, వాటికి ఈ మాట వర్తించదు.

మూడో రకం: గుర్తు వస్తుంది, విండోస్ రాదు.

పెన్ డ్రైవ్ ఏదైనా ఉండిపోయిందా చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు లోపలి డిస్క్‌ను వదిలేసి దాని నుంచి లేవాలని చూస్తాయి. ‘అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు’ అని రాసి ఉంటే ఆపకండి. చార్జర్ పెట్టి గంట సేపు ఓపిక పట్టండి. పాత డిస్క్ నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తే మాత్రం ఇక ఆన్ చేయవద్దు. ప్రతి ప్రయత్నం దాన్ని ఇంకాస్త పాడు చేస్తుంది.

విండోస్ రెండు మూడుసార్లు మధ్యలో ఆగిపోతే తనంతట తానే మరమ్మతు తెర చూపిస్తుంది. అందులో ‘స్టార్టప్ రిపేర్’, ‘సేఫ్ మోడ్’ అని ఉంటాయి. అవి ప్రయత్నించవచ్చు, ఫైళ్లకు ఇబ్బంది లేదు. ‘రీసెట్ దిస్ పీసీ’ అని ఇంకొకటి ఉంటుంది. దాని జోలికి ఆ రాత్రి పోకండి. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ అన్నది నొక్కితే పేరుకు తగ్గట్టే అంతా తుడిచిపెడుతుంది.

2024 జూలై 19 మీకు గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి నిలిచిపోయాయి. మన దేశంలోనూ విమానాలు ఆలస్యమయ్యాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఇంతా చేస్తే మందు ఏమిటి? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలును తీసేయడం. ఆ కంప్యూటర్లలో సమాచారం ఎక్కడికీ పోలేదు. ఆ రోజు ఎవరైనా తొందరపడి అంతా చెరిపేసి ఉంటే, ఒక్క ఫైలుతో పోయే దానికి మొత్తం పోగొట్టుకునేవారు.

ఆ రోజు చాలాచోట్ల ఇంకొక చిక్కు వచ్చింది. మరమ్మతు మొదలుపెట్టబోతే కంప్యూటర్ 48 అంకెల తాళం అడిగింది. దాన్ని బిట్‌లాకర్ రికవరీ కీ అంటారు. ఇది పెద్ద సంస్థల వ్యవహారం మాత్రమే అనుకోకండి. ఇప్పుడు వస్తున్న విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే, చాలావాటిలో డిస్క్‌కు ఈ తాళం మనకు తెలియకుండానే పడుతుంది. దొంగ ఎత్తుకుపోయినా చదవలేడు కాబట్టి అది మంచిదే. కానీ మరమ్మతు తర్వాత అది మననే తాళం అడిగితే? లాకర్ తాళం చెవి పోతే బ్యాంకు డ్రిల్ చేసి తెరిపిస్తుంది. ఈ తాళానికి డ్రిల్లింగ్ లేదు. కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుంది. ఆ ఖాతా ఎవరి మెయిల్‌తో తెరిచారో, దాని పాస్‌వర్డ్ ఏమిటో ఇంట్లో తెలిసి ఉండాలి. కొన్న రోజున షాపు కుర్రాడు తన మెయిల్‌తోనో, అప్పటికప్పుడు సృష్టించిన మెయిల్‌తోనో తెరిచి ఉంటే ఈ రోజే మార్చుకోండి.

ఇక బయట ఇవ్వక తప్పని పరిస్థితి.

ఆన్ కాని ల్యాప్‌టాప్‌ను ఇస్తున్నామంటే అందులోని ఫొటోలు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు కూడా ఇస్తున్నట్టే. ఇచ్చే ముందు ఫోన్ నుంచి మెయిల్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌లు మార్చండి. రసీదు మీద సీరియల్ నంబరు, లోపం వివరం, ‘డేటా చెరపరాదు’ అన్న మాట రాయించండి. డిస్క్ విడిగా తీయగలిగేదైతే తీసి మీ దగ్గరే ఉంచుకోవచ్చు. ఎన్‌క్లోజర్ అనే చిన్న డబ్బాలో పెడితే వేరే కంప్యూటర్‌కు పెన్ డ్రైవ్‌లా తగిలించి చదవవచ్చు. తాళం పడి ఉంటే అప్పుడూ ఆ 48 అంకెలు కావాలి. ఏదైనా భాగం మారిస్తే పాతది వెనక్కి అడగండి. సేవలో లోపం ఉందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

బ్యాంకు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఏ పరిస్థితుల్లోనూ బయటి షాపుకు ఇవ్వకూడదు. మీ ఇంట్లోని ఉద్యోగి ఊళ్లో లేకపోయినా సరే, అది మా విభాగానికే రావాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. అది ల్యాప్‌టాప్‌లో కాదు, చేతిలోని ఫోన్‌లో ఉంది. కంగారులో ఉన్న మనిషి ఇంటర్నెట్‌లో ‘కస్టమర్ కేర్ నంబర్’ అని వెతుకుతాడు. మోసగాళ్లు ఆ కంగారు కోసమే నకిలీ నంబర్లు పెట్టి కాచుకుని ఉంటారు. ‘రిజిస్ట్రేషన్‌కు 10 రూపాయలు కట్టండి’ అని లింకు పంపుతారు, లేదా ఫోన్‌లో స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమంటారు. మీరు పిన్ కొడుతుంటే అవతలివాడు చూస్తుంటాడు. ల్యాప్‌టాప్ బాగుచేసేవాడికి మీ బ్యాంకు యాప్‌తో పనేమిటి? నంబరు కావాలంటే బిల్లు మీదో, డబ్బా మీదో, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనో చూడండి. మోసం జరిగిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఆలస్యమైన ప్రతి నిమిషం డబ్బు ఇంకొక ఖాతాకు జారుతుంది.

చివరిగా, ఇవాళ ఇంటికి వెళ్లాక చేయాల్సిన మూడు పనులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, చార్జర్ మీది అక్షరాలను, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్, సీరియల్ నంబర్లను, కొన్న బిల్లును ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ పోయాక కావలసిన సమాచారాన్ని ల్యాప్‌టాప్‌లోనే దాచుకోకండి.

రెండోది, 48 అంకెల కీ మీ ఖాతాలో ఉందేమో చూసి, కాగితం మీద రాసి, పాస్‌బుక్కులు, పాలసీ బాండ్లు పెట్టే ఫైల్లో పెట్టండి. ఇంట్లో ఇంకొకరికి ఆ సంగతి చెప్పండి.

మూడోది, ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీయండి. మన బ్యాంకు లెక్కలు ఒకే చోట ఉండవని మీకు తెలుసు. డేటా సెంటర్ ఒక ఊళ్లో ఉంటే, ఏదైనా విపత్తు వస్తే ఆదుకోవడానికి మరో ఊళ్లో ఇంకొక సెంటర్ ఉంటుంది. ఇంటికి కూడా అదే నియమం పెట్టుకోండి. మొత్తం మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో, ఊళ్లో అమ్మమ్మగారి బీరువాలో పెట్టిన డిస్క్‌లోనో ఒకటి. నెలకొకసారి, జీతం పడిన ఆదివారం అని పెట్టుకుంటే మరిచిపోరు. ఈ పని పిల్లలకు అప్పగించండి, మనకంటే బాగా చేస్తారు.

ఈ మూడూ చేసి ఉంటే, రేపెప్పుడైనా ల్యాప్‌టాప్ ఆన్ కాకపోయినా అది మరమ్మతు ఖర్చుతో పోయే సంగతి అవుతుంది. చార్జర్ చూస్తారు, 30 సెకన్లు బటన్ నొక్కి పడతారు, అప్పటికీ లేవకపోతే పొద్దున సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తారు. ఆ రాత్రికి హాయిగా నిద్రపోవచ్చు.

భోజనాలకు ముందు ఇంకా పది నిమిషాల సమయం ఉందంటున్నారు. ప్రశ్నలుంటే అడగండి, పిల్లలు ముందు.